కుంటలో తేటనీళ్ళు

ఆ జూన్ నెలంతా మా ఇంటి కిటికీలు మూసే ఉన్నాయి. నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, కుర్చీలు బయట వేసుకుని ఒళ్ళు కాల్చుకునే జనం మాది. అలాంటిది మా ఊరు మార్లింగ్ గ్రీన్‌లో పచ్చిక చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ శవం లేచిన ఇళ్ళలా తలుపులు బిడాయించుకుని కూర్చున్నాయి. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. "ఈ ఏడు ఉక్క ఎక్కువగా ఉంది కదూ," అనుకునేవాళ్ళు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

మా ఊరుమ్మడి పచ్చిక మరీ పెద్దదేం కాదు. ఒక పక్క క్రికెట్ ఆడే మేర నున్నగా కోసిన గడ్డి, చర్చి వైపు మూల ఎవరూ కోయకుండా వదిలేసిన మొలెత్తు గడ్డి, రోడ్డు వెంట ముళ్ళకంచె, నడుమ ఒక కుంట. కుంట మీద ఎప్పుడూ పచ్చగా పాచి పట్టి ఉండేది. దాని కింద నీటిబల్లులు, గోదురుకప్పల పిల్లలు, చిటికెనవేలంత చేపలు. జమ్ములో నీటికోడి పొదిగేది. ఏప్రిల్‌లో వచ్చే వానకోయిలలు ఆ ఒడ్డు బురదే నోట కరుచుకుపోయి మా చూర్ల కింద గూళ్ళు మెత్తుకునేవి. పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే టీ కప్పు పట్టుకుని కుంట చుట్టూ ఒకసారి తిరిగి రావడం నాకు అలవాటు. వాటి గురించి చదువుకున్నదేమీ లేదు. చూడటం ఇష్టం, అంతే.

మా ఆయన రాడ్నీ పచ్చిక కమిటీకి అధ్యక్షుడు. బతుకంతా తివాచీల కొట్టు నడిపిన మనిషి, గడ్డిని కూడా తివాచీలాగే చూసేవాడు. మరకలుండకూడదు, అంచులు తిన్నగా ఉండాలి. మా ఒక్కగానొక్క కూతురు ఫిలిపా పక్క పట్నంలో ఈత కొలను ఆఫీసులో పని చేసేది. జూన్ చివరి శనివారం పచ్చిక మీదే పెళ్ళి చేసుకుంటానని అది మార్చిలో ప్రకటించింది.

"ఈ పాచేంటి నాన్నా, బఠాణీ సూపు ఒలకబోసినట్టు?" వంటింట్లో నిలబడి ఫోనులో ఫోటోలు చూపిస్తోంది. "కుంట పక్కనే గుడారం వేస్తే నీళ్ళలో మా నీడ పడాలి. ఫోటోగ్రాఫరు మరీ మరీ చెప్పాడు."

"జూన్‌కి పాచి ఇంకా పెరుగుతుందే. సెప్టెంబరులో పెట్టుకో పెళ్ళి," అన్నాను.

"అమ్మకి అల్లుడి కంటే కప్పలే ఎక్కువ."

"కప్పలు నా తోటబూట్లలో పడుకుంటాయి. మీ డంకన్ ఇంకా అంత చనువు తీసుకోలేదు మరి."

ముగ్గురం పడీపడీ నవ్వాం. రాడ్నీ దాని భుజం తట్టి, "నాకొదిలెయ్ తల్లీ. పెళ్ళినాటికి ఆ నీళ్ళలో చూసుకుని లిప్‌స్టిక్ దిద్దుకుందువుగాని," అన్నాడు.

ఆ మాటకీ నవ్వాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం బజారు నుంచి వస్తుంటే చర్చి మూల బోసిగా కనిపించింది. మొలెత్తు గడ్డి మొత్తం కోసేశారు. రాడ్నీ యంత్రం పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. కమిటీ కార్యదర్శి మ్యూరియల్ ఆన్‌స్టీ మూతికి చేయి అడ్డం పెట్టుకుని, "ఎంత శుభ్రంగా ఉందో!" అంటోంది. తెగిన పువ్వుల మీద తుమ్మెదలు ఏం చేయాలో తెలియక గిరగిరా తిరుగుతున్నాయి. మిడతలు రోడ్డు మీదకి గెంతి కార్ల కింద పడుతున్నాయి.

కోసిన వరసలో నా కాలికి ఏదో మెత్తగా తగిలింది. బుల్లి ముళ్ళపంది. సగమే ఉంది. ఆ సగం కూడా ఇంకా ఊపిరి తీస్తోంది.

"రాడ్నీ," అన్నాను.

అతను వచ్చి చూశాడు. "అయ్యో పాపం," అని బూటు కొసతో దాన్ని ముళ్ళకంచె కిందకి తోశాడు. "మ్యూరియల్ కంట పడనీకు, అసలే సున్నితం." తర్వాత ఆ బూటు కొసని కొత్తగా కోసిన గడ్డి మీద అటొకసారి, ఇటొకసారి తుడుచుకున్నాడు. గుమ్మం ముందు పట్టా మీద తుడుచుకున్నట్టే. ఆ రాత్రి భోజనానికి గొర్రెమాంసం వండాను. అతను రెండోసారి వడ్డించుకున్నాడు. నేను ప్లేటు పక్కకి జరిపేశాను.

జూన్ మొదట్లో ఒక పొద్దున లేచేసరికి కుంట తేటపడి ఉంది.

పాచి మచ్చుకైనా లేదు. అడుగున రాళ్ళు, ఎప్పటిదో సైకిలు చక్రం, అన్నీ కనిపిస్తున్నాయి. ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటూ వచ్చి ఆగి ఆగి చూస్తున్నారు. కొందరు ఫోటోలు తీసుకున్నారు. "రాడ్నీ చేతిలో ఏదో మంత్రముందండీ," అంటున్నారు. రాడ్నీ తల వంచుకుని సిగ్గుపడుతున్నాడు.

కుంట పక్క బెంచీ మీద లోయిజూ కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. పచ్చిక చివర చేపలూ దుంపముక్కలూ వేయించి అమ్మే చిప్స్ కొట్టు ఆయనది. సైప్రస్ నుంచి వచ్చిన వాళ్ళ నాన్న పెట్టిన కొట్టు. పన్నెండింటికి తలుపు తెరిచే ముందు రోజూ అక్కడే ఒక సిగరెట్ కాల్చుకుంటాడు.

"ఇదేం బాగాలేదు మిసెస్ పెటిఫర్," అన్నాడు.

"ఊరంతా బాగుందంటోంది."

"వాసన చూడండి. కొట్టు కడిగాక మా ఆవిడ డెస్పీనా చేతులు ఇలాగే వాసనొస్తాయి."

ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని వంగాను. ముక్కు చురుక్కుమంది. జమ్ము మొదట్లో నీటిబల్లులు వెల్లకిలా తేలుతున్నాయి. నారింజరంగు పొట్టల మీద నల్ల చుక్కలు. ఆ పొట్టల్ని అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు నేను. అవి చూపించేవి కావు. ఒక జమ్ము ఆకు మీద తూనీగ పాత తోలులోంచి సగం బయటికి వచ్చి, రెక్కలు విప్పుకోకుండానే ఆగిపోయి ఉంది. నీటికోడి లేదు. గూట్లో గుడ్లు చల్లగా ఉన్నాయి. చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను.

నీళ్ళు తేటగా ఉన్నది రెండు మూడు రోజులే. చచ్చినవన్నీ అడుగున కుళ్ళడం మొదలుపెట్టాయి. నీళ్ళు విరిగిన పాలలా తెల్లబడి, తర్వాత బూడిదరంగుకి తిరిగాయి. పైకి నురగ తేలింది. చేపలు ఉబ్బి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. సముద్రం ఎక్కడో ఉంటే, సీగల్ పక్షులు ఎలా పసిగట్టాయో గుంపులుగా దిగి, వాటి కళ్ళు పొడుచుకు తిని మిగతాది మా వాకిళ్ళలో పారేసిపోయేవి. ఆ కంపు పరదాల్లోకి, రొట్టెలోకి, తల వెంట్రుకల్లోకి ఎక్కింది. వానకోయిలలకి మెత్తటి బురద దొరకలేదు. సగం కట్టిన గూళ్ళు అలాగే వదిలేసి పోయాయి.

చర్చి హాల్లో సమావేశం పెట్టారు. టీ, బిస్కెట్లు. కిటికీలు మూసి, లావెండర్ కొవ్వొత్తులు వెలిగించారు. కంపు కంటే అదే ఎక్కువ డోకు తెప్పించింది.

మ్యూరియల్ లేచి గొంతు సవరించుకుంది. "నేనెవరి పేరూ చెప్పను. కానీ మొన్నీమధ్య ఆ చిప్స్ కొట్టాయన నూనె డబ్బా పట్టుకుని కుంట వైపు పోవడం నా కళ్ళారా చూశాను."

"నా వ్యాను అక్కడే కదమ్మా పెట్టేది," అన్నాడు లోయిజూ వెనక వరస నుంచి. "వాడిన నూనె వ్యాన్లోకి ఎక్కించాను."

"నేనెవరి పేరూ చెప్పలేదే!"

"వాళ్ళ దేశాల్లో పద్ధతులు వేరుగా ఉంటాయి మరి, మనం అర్థం చేసుకోవాలి," అన్నారెవరో ఎంతో దయగా.

"నేను పుట్టింది ఇక్కడే, లూటన్‌లో," అన్నాడు లోయిజూ.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వించాలని అన్న మాట కాదది.

అప్పుడు రాడ్నీ లేచాడు. "చూడండి, ఎవరినీ వేలెత్తి చూపొద్దు. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. లోయిజూ మనవాడే. మా అమ్మాయి పెళ్ళి సాయంత్రానికి ఆయన చిప్స్ బండి అనుకున్నాం, అదొక్కటీ మర్యాదగా మానుకుందాం. ఇక ఈ సంగతి వదిలేద్దాం."

చప్పట్లు కొట్టారు. ఎంత పెద్దమనసు అన్నారు. లోయిజూ టోపీ పెట్టుకుని, టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఉతికే బట్టలు విడదీస్తున్నాను. బుట్ట అడుగున రాడ్నీ తోటపని ప్యాంటు ఉంది, ముదురు నీలంది. మోకాళ్ళ కింద నుంచి తెల్లగా చుక్కలు చుక్కలుగా రంగు పోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దాన్ని యంత్రంలో వేయకుండా మడతపెట్టి, తీసుకెళ్ళి టిఫిన్ బల్ల మీద అతని ప్లేటు పక్కన పెట్టాను.

"తినే చోట బట్టలేంటి?" అన్నాడు. తర్వాత చూశాడు. టోస్టుకి మార్మలేడు పూయడం మాత్రం ఆపలేదు. "విషమేం కాదు మేరియన్. క్లోరిన్. ఈత కొలన్లో వేసేదే. పసిపిల్లలు అందులో మునిగి తేలుతుంటారు."

"నిన్న హాల్లో ఆయన మీద..."

"ఆయన పోశాడన్నానా నేను? లేదే. వెనకేసుకొచ్చాను కూడా."

అతని మొహంలో వెతికాను. కాస్త భయమో, సిగ్గో కనిపిస్తే బాగుండుననిపించింది. లేదు. మార్మలేడు మూతి మూలన అంటుకుని ఉంది.

ఫిలిపా గౌను ముడి వేసుకుంటూ మెట్లు దిగి వచ్చింది. ప్యాంటు చూసి నిట్టూర్చింది. "నాన్న మీద పడకమ్మా. మా స్టోరులోంచి తెచ్చిచ్చింది నేనే."

ఫిబ్రవరి వానల్లో గోదురుకప్పలు రోడ్డు దాటి కుంటకి వచ్చేవి. ఫిలిపాకి ఆరేడేళ్ళప్పుడు ఇద్దరం వానకోట్లు తొడుక్కుని, కార్ల కింద పడకుండా వాటిని బకెట్లలో ఎత్తి ఇవతలికి తెచ్చేవాళ్ళం. ఒక్కోదానికి పేరు పెట్టేది. వదిలేటప్పుడు పేరు పెట్టి పిలిచి మరీ జాగ్రత్తలు చెప్పేది.

"అన్నీ చచ్చిపోయాయే," అన్నాను.

"మళ్ళీ వస్తాయిలేమ్మా. కప్పలే కదా."

"లోయిజూ?"

"ఆయనకేం పోయింది? వారం పోతే అందరూ మర్చిపోతారు. పెళ్ళయ్యాక నాన్న చెప్తారు."

"రేపే చెప్పాలి."

"చెప్తా, చెప్తా," అన్నాడు రాడ్నీ. మడతపెట్టిన ప్యాంటు మీద పడ్డ టోస్టు పొడిని చేత్తో దులిపాడు.

ఆ రేపు నేను లోయిజూ కొట్టు మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. ఎవరో కుంటలోని చచ్చిన చేపల్ని వలతో తోడి తెచ్చి తలుపుకీ, అద్దానికీ రుద్దిపోయారు. పొలుసులు, పేగులు, బూడిదరంగు జిగురు గుమ్మం మీదుగా కారి ఎండకి అట్టకడుతున్నాయి. గొళ్ళెం పట్టుకునే చోట ఒక నీటిబల్లిని నలిపి పెట్టారు. డెస్పీనా ఉత్త చేతులతో గీకుతోంది. నీలిరంగు ఈగలు ఆమె జుట్టులో ముసురుతున్నాయి. మార్లింగ్ గ్రీన్‌లో ఈ పని చేయగల చేతులెవరివా అని ఆలోచించాను. నాకు తెలియని చేతులు ఆ ఊళ్ళో లేవు. క్రిస్మస్‌కి నాతో కరచాలనం చేసిన చేతులే అవి. మురుక్కాలువ దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాను.

తర్వాత లోపలి నుంచి బకెట్ తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను. గుమ్మం మీది పొలుసులు గీకడం మొదలుపెట్టాను.

"ఎవరు పోశారో మీకు తెలుసా?" అంది డెస్పీనా, నా వైపు చూడకుండా.

"మా ఆయనే. మా అమ్మాయి తెచ్చిచ్చింది."

ఆమె బ్రష్షు ఆగింది. గుమ్మంలో నిలబడ్డ లోయిజూ విన్నాడు. థాంక్స్ చెబుతాడనీ, కనీసం తల ఊపుతాడనీ నేనేమీ అనుకోలేదు. అనుకున్నా నిరాశే మిగిలేది.

"నాకెందుకు చెప్తున్నారు?" అన్నాడు. "నేను పోయలేదని నాకు తెలుసు. పోయి వాళ్ళకి చెప్పండి."

వెళ్ళాను. పచ్చిక మీద తెల్ల గుడారం లేపుతున్నారు. కమిటీవాళ్ళు చేతితొడుగులు వేసుకుని వలలతో చచ్చినవాటిని తోడి నల్ల సంచుల్లో నింపుతున్నారు. రాడ్నీ మేకులు కొడుతున్నాడు. చేతుల మీది జిగురు కడుక్కోకుండానే వాళ్ళ నడుమకి పోయి నిలబడ్డాను.

"కుంటలో క్లోరిన్ పోసింది రాడ్నీ," అన్నాను. "తెచ్చిచ్చింది ఫిలిపా. లోయిజూకి ఏ సంబంధం లేదు."

తల మీద విమానం ఒకటి పోయింది. దాని చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగి, మ్యూరియల్ అంది: "ఎండ దంచేస్తోంది. నీడలోకి రా మేరియన్, ఇంత టీ తాగుదువుగాని."

"నేను చెప్పింది వినపడిందా?"

"పెళ్ళికూతురి తల్లికి ఎంత ఒత్తిడో నాకు తెలీదూ? మా పిల్ల పెళ్ళప్పుడు నేను తోటమాలి మీద పూలకుండీ విసిరాను."

అందరూ హాయిగా నవ్వారు. ఊపిరి పీల్చుకున్న నవ్వు. అప్పుడు ఒక్కొక్కరి కళ్ళలోకి చూశాను. ఒక్క జత కూడా నాకు చిక్కలేదు. ఒకాయన వల అంచు చూసుకుంటున్నాడు. ఒకామె సంచి మూతి కడుతోంది. ఆ మొదటి రోజు ఆ వాసన వీళ్ళ ముక్కులకీ తగిలే ఉంటుంది. వీళ్ళందరూ పిల్లల్ని ఈత కొలనుకి తీసుకుపోయినవాళ్ళే. నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. చెప్పకూడని చోట చెప్పాను, అదే నా తప్పు.

రాడ్నీ సుత్తి కింద పెట్టి వచ్చి నా భుజం చుట్టూ చేయి వేశాడు. "పద, ఇంటికి పోదాం," అన్నాడు ఎంతో మెత్తగా, అందరికీ వినపడేలా. ఆ చేయి నా మెడకి తగిలింది. చచ్చిన చేప తగిలినట్టే ఉంది. విదిలించుకున్నాను.

ఆ సాయంత్రం ఫిలిపా గది తలుపు దగ్గర నిలబడి, "నువ్వు పెళ్ళికి రాకపోతేనే నయం," అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. గోళ్ళకి రంగు ఆరబెట్టుకుంటోంది.

శనివారం నేను ఒక సంచిలో నాలుగు జతల బట్టలు సర్దుకుని చిప్స్ కొట్టుకి వెళ్ళాను. మా అక్క ఊరికి పోయే రైలు సాయంత్రం దాకా లేదు. వారం నుంచి కొట్టుకి జనం లేరు. లోయిజూ నన్ను చూసి, నా సంచి చూసి, "ఊరికే కూర్చుంటే కాదు. దుంపలు చెక్కండి," అన్నాడు. చెక్కాను. డెస్పీనా ఏప్రాను ఒకటి నా మెడలో వేసింది. చర్చి గంటలు మోగాయి. అటు చూడలేదు నేను. చూస్తే ఏడుపొస్తుందని కాదు, వాళ్ళ తెల్ల గుడారం, దాని వెనక ఆ బూడిద నీళ్ళు ఒక్కసారే కంటపడతాయని.

గుడారంలో సాల్మన్ చేప వడ్డించారట. ఆ కంపులో చేప! ఎవరికీ ముద్ద గొంతు దిగలేదు. పొద్దు ఇంకా బాగా ఉండగానే మొదటి జంట మా కొట్టులోకి వచ్చింది, డంకన్ తరఫు చుట్టాలు, ఊరి గొడవ తెలియనివాళ్ళు. వాళ్ళ వెనక పట్టు టోపీలు, వాళ్ళ వెనక ముత్యాల దండలు. వరస రోడ్డు మీదకి పాకింది. మ్యూరియల్ వరసలో నిలబడి, నన్ను చూసి, గోడ మీది ధరల పట్టిక చదవడం మొదలుపెట్టింది. లోయిజూ నూనెలో చేపముక్క వేసే ముందు నా వైపు తిరిగాడు.

"పెట్టమంటారా వీళ్ళకి?"

"మీ కొట్టు మీ ఇష్టం," అన్నాను.

"డబ్బులు తీసుకుని పెడతాను," అన్నాడు కాసేపు ఆలోచించి. "నవ్వను మాత్రం."

రాడ్నీ వంతు వచ్చింది. కోటు గుండీలో తెల్ల గులాబీ. "రెండు కాడ్ చేపలు, రెండు చిప్స్," అన్నాడు లోయిజూతో. తర్వాత బల్ల మీదకి వంగి నాతో గొంతు తగ్గించి, "అందరూ నీ గురించే అడుగుతున్నారు. తలనొప్పి అని చెప్పాను. ఎన్నింటికి వస్తావు ఇంటికి?" అన్నాడు.

"వెనిగర్ వెయ్యనా?" అన్నాను.

అతను నన్ను చూశాడు. వెనక ఎవరో దగ్గారు.

"కొంచెం," అన్నాడు.

వేశాను. పొట్లం కట్టి ఇచ్చాను. అతను థాంక్యూ చెప్పి, తర్వాతివాళ్ళకి తలుపు పట్టుకుని నిలబడి, అప్పుడు వెళ్ళాడు. మేం భార్యాభర్తలుగా మాట్లాడుకున్న ఆఖరి మాట అదే. ఆ తర్వాత లాయర్లు మాట్లాడారు. ఇల్లు అతనికే ఉంది, కమిటీ కూడా. ఫిలిపా క్రిస్మస్‌కి ఫోను చేస్తుంది. వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

రైలుకి టైమవుతుంటే ఏప్రాను విప్పి సంచి తీసుకుని బయటికి వచ్చాను. కొట్టులో కూర్చునే చోటు లేక పెళ్ళివాళ్ళంతా పొట్లాలు పట్టుకుని కుంట ఒడ్డు దాకా చేరి నిలబడి తింటున్నారు. ఆకలి అంత పని చేసింది. ఫిలిపా ఒక చేత్తో తెల్లగౌను అంచు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళలోకి చిప్స్ విసురుతోంది, బాతులకి. బాతులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. చిప్స్ నురగ మీద తేలుతున్నాయి.

అవతలి ఒడ్డు కింద నుంచి ఏదో కదిలింది. గోధుమరంగు తల ఒకటి నీళ్ళ మీదకి లేచి, వెనక గీత గీసుకుంటూ చిప్స్ వైపు ఈదుకొచ్చింది.

"అదిగో! అదిగో చూడండి!" అని అరిచింది మ్యూరియల్. "ఏదో బతికే ఉంది!"

అందరూ ఒడ్డుకి తోసుకొచ్చారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. రాడ్నీ నూనె చేతిని కోటుకి తుడుచుకుని కూతురి నడుం చుట్టూ వేశాడు. ఫోటోగ్రాఫరు, "అలాగే ఉండండి, అలాగే ఉండండి," అంటున్నాడు. అది చిప్స్ ముక్క నోట కరుచుకుని, ఒడ్డెక్కి, పొడుగాటి బోడితోక ఈడ్చుకుంటూ జమ్ములోకి పోయింది. పందికొక్కంత ఎలుక.

దాని వెనక ఇంకోటి దిగింది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.